తిరుపతిలో పోలీసుల నేర విశ్లేషణకు నగరపాలక సంస్థ నిధులు: ప్రతిపాదన నుంచి వినియోగ ధ్రువపత్రం (యూసీ) దాకా

వరసగా రెండు మూడు ఇళ్లలో దొంగలు పడ్డారంటే కాలనీ మీటింగులో మొదట వినిపించే మాట "కెమెరాలు పెట్టించండి" అని. కెమెరా అవసరమే. కానీ ఆ దొంగతనాలు ఏ వారాల్లో జరిగాయి, ఏ వేళకు జరిగి ఉండొచ్చు, తాళం ఎలా పగిలింది, పక్క స్టేషన్ పరిధిలో కూడా ఇదే తీరులో ఏమైనా జరిగాయా అని ఎఫ్‌ఐఆర్‌లన్నీ ముందేసుకుని చూసే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగేవాళ్లు తక్కువ. నేర విశ్లేషణ అంటే ఆ మనిషి చేసే పని.

తిరుపతికి ఆ పని మిగతా ఊళ్ల కంటే ఎక్కువ అవసరం. 2011 లెక్కల్లో నగర జనాభా 2,87,035. మామూలు రోజుల్లోనే కొండకు వెళ్లే భక్తులు అరవై డెబ్భై వేలు ఉంటారు. ఇక్కడ సొత్తు పోగొట్టుకున్నవాళ్లలో రేపు పొద్దున రైలెక్కి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. దొంగ కూడా అలాగే వచ్చి వెళ్లిపోవచ్చు. ఇరుగుపొరుగు జ్ఞాపకాలు ఇలాంటి చోట అంతగా అక్కరకు రావు. రాసిపెట్టిన రికార్డే దిక్కు.

ఈ పనికి నగరపాలక సంస్థ నుంచి డబ్బు ఎలా తేవాలో, కౌన్సిల్‌లో ఎలా పెట్టాలో, వచ్చాక ఎలా ఖర్చు చేయాలో కార్పొరేటర్లకూ కాలనీ సంఘాలవాళ్లకూ కార్పొరేషన్ ఆఫీసులో ఫైలు నడిపేవాళ్లకూ పనికొచ్చేలా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు మొదట మనిషికి, శిక్షణకు, రికార్డు సరిచేయడానికి పోవాలి. సాఫ్ట్‌వేర్లు, పెద్ద స్క్రీన్లు, కెమెరాలు ఆ తర్వాతే.

మొదటి అడుగు: ఎవరి అధికారం ఎంతవరకో తేల్చుకోండి

అమెరికాలో చాలా నగరాల్లో పోలీసు శాఖ నగర కౌన్సిల్ కిందే ఉంటుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వం ఎడ్వర్డ్ బైర్న్ పేరిట గ్రాంటు ఇస్తుంది. 1988లో న్యూయార్క్‌లో డ్యూటీలో ఉండగా హత్యకు గురైన యువ పోలీసు ఆయన. ఆ గ్రాంటు తీసుకోవాలా, దాంతో నేర విశ్లేషకుణ్ణి పెట్టుకోవాలా అన్నది కౌన్సిల్ సభలోనే చర్చించి తేల్చుకుంటారు.

మన దగ్గర దారి వేరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి. ఎస్పీ మీద మేయర్‌కు గానీ మునిసిపల్ కమిషనర్‌కు గానీ అధికారం లేదు. 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు 18 పనులు ఇచ్చారు. అందులో పోలీసింగ్ లేదు, కానీ వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ప్రజా సౌకర్యాలు ఉన్నాయి. మీ ప్రతిపాదన నిలబడేది ఈ పాయింటు మీదే. "పోలీసులకు డబ్బు ఇద్దాం" అని రాస్తే ఫైలు మొదటి టేబుల్ దగ్గరే ఆగుతుంది. "నగరంలో వీధి దీపాలు, పార్కింగ్, ఖాళీ స్థలాల నిర్వహణ ఎక్కడ ముందు సరిచేయాలో తెలుసుకోవడానికి నేరాల సమాచారం విశ్లేషించుకుందాం, ఆ పని జిల్లా పోలీసులతో కలిసి చేద్దాం" అని రాస్తే అది కార్పొరేషన్ చేయదగిన పని అవుతుంది. ఇది మాటల గారడీ కూడా కాదు. చీకటి సందులో చైన్లు తెంపుతున్నారని తేలితే అక్కడ లైటు వేయాల్సింది కార్పొరేషనే కదా.

రెండో అడుగు: ఒక్క సమస్యనే ఎంచుకోండి

"నగరంలో నేరాలు తగ్గించడం" అనే లక్ష్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. తాళం వేసిన ఇళ్లలో చోరీలు, బైక్ దొంగతనాలు, రద్దీలో భక్తుల ఫోన్లు పర్సులు కొట్టేయడం, చైన్ స్నాచింగ్ వేటికవే వేరు. వేళలు వేరు, చోట్లు వేరు, చేసేవాళ్లు వేరు. మొదటి ఏడాదికి ఒకటి చాలు.

నన్ను అడిగితే తాళం వేసిన ఇళ్లనే తీసుకోమంటాను. ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. దాన్ని ఏ వీధులవాళ్లకు ముందు గట్టిగా చెప్పాలో విశ్లేషణతో తేలుతుంది. పైగా ఇల్లు కదలదు, అడ్రసు ఉంటుంది, కాబట్టి మ్యాపు మీద పెట్టడం తేలిక.

ఎంచుకోవడానికి ముందు లెక్కలు కావాలి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ ఇబ్బందులుంటే ఇంకాస్త గడువు ఉంటుంది. అది సరిపోకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. స్టేషన్ వారీగా, నెల వారీగా, సెక్షన్ వారీగా సంఖ్యలు అడగండి. పేర్లు, దర్యాప్తు వివరాలు అడగకండి. దర్యాప్తుకు అడ్డం వచ్చే సమాచారం ఇవ్వనక్కర్లేదని చట్టంలోనే ఉంది. ఆ ఒక్క కారణంతో మొత్తం దరఖాస్తును తిప్పి పంపే వీలు ఇవ్వకూడదు.

మూడో అడుగు: ఉన్న రికార్డు ఏ స్థితిలో ఉందో చూడండి

అసలు పనంతా ఇక్కడుంది. కేసు వివరాలన్నీ పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్‌లో ఉంటాయి. 2009లో కేంద్రం మంజూరు చేసిన ఈ వ్యవస్థ ఇప్పుడు ప్రతి స్టేషన్‌లో నడుస్తోంది. కాబట్టి "మాకు డేటా లేదు" అనే మాట ఎవరూ అనక్కర్లేదు. ఆ డేటాను ఉన్నది ఉన్నట్టు మ్యాపు మీద పోస్తేనే తప్పుదారి పడతాం.

ఊహకు ఒక కేసు తీసుకుందాం. కొర్లగుంటలో ఒక కుటుంబం శుక్రవారం సాయంత్రం 6 గంటలకు తాళం వేసి పెళ్లికని ఊరెళ్లింది. ఆదివారం రాత్రి 9 గంటలకు వచ్చి చూస్తే గొళ్లెం ఊడి ఉంది, బీరువా తెరిచి ఉంది. నేరం ఎప్పుడు జరిగినట్టు? ఎవరికీ తెలియదు. 51 గంటల్లో ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు. కానీ చూసింది ఆదివారం రాత్రి 9కి కాబట్టి స్టేషన్ రైటర్ ఒకే ఒక్క సమయం వేయాల్సి వచ్చినప్పుడు అదే వేసేస్తాడు. ఇలాంటి కేసులు ఇరవై చేరాయంటే "ఆదివారం రాత్రి దొంగతనాలు ఎక్కువ" అని కంప్యూటర్ గ్రాఫు గీసి ఇస్తుంది. దాన్ని నమ్మి ఆదివారం రాత్రి బీట్లు పెంచుతారు. నిజానికి ఆదివారం రాత్రి పెరిగింది ఇళ్లకు తిరిగొచ్చేవాళ్ల సంఖ్య.

దీనికి మందు ఉంది. ప్రతి ఇంటి దొంగతనానికీ రెండు సమయాలు రాయాలి. ఆఖరుసారి ఇల్లు బాగున్నట్టు చూసింది ఎప్పుడు, దొంగతనం బయటపడింది ఎప్పుడు. విశ్లేషకుడు ఆ ఒక్క నేరాన్ని 51 గంటల మీద సమానంగా పంచి, ఒక్కో గంటకు 51లో ఒక వంతు వేస్తాడు. అన్ని కేసులకూ ఇలా చేసి కలిపితే నిజంగా ప్రమాదం ఎక్కువున్న వేళలు పైకి తేలతాయి. ఎక్సెల్ వచ్చినవాళ్లు ఎవరైనా చేయగల పని ఇది. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ దీనికి అక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు ఆ రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

తర్వాతిది చోటు. "లీలామహల్ దగ్గర", "లీలామహల్ సర్కిల్", "లీలామహల్ జంక్షన్", "కరకంబాడి రోడ్డు మొదట్లో" అని నలుగురు నాలుగు రకాలుగా రాస్తే కంప్యూటర్‌కు అవి నాలుగు చోట్లు. నగరంలోని సర్కిళ్లు, వీధులు, కాలనీలు, సత్రాలు, బస్టాపులు అన్నిటికీ ఒకే పేరు, దాని పక్కన అక్షాంశ రేఖాంశాలు ఉండే జాబితా ఒకటి తయారు కావాలి. ఈ పనికి కార్పొరేషన్ కంటే తగినవాళ్లు లేరు. ఆస్తి పన్ను రికార్డులు, డోరు నంబర్లు, డివిజన్ల మ్యాపులు అన్నీ అక్కడే ఉన్నాయి. వార్డు సచివాలయాల్లో పనిచేసే మహిళా పోలీసులకు వీధి వీధీ తెలుసు. ప్రతిపాదనలో కార్పొరేషన్ తన వాటాగా ఈ జాబితా చేసిస్తానని రాస్తే పోలీసు శాఖ దగ్గర మీ మాటకు బరువు వస్తుంది.

మూడోది చట్టం మారిన తేదీ. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. అంతకు ముందు రాత్రిపూట ఇంట్లో దూరి దొంగిలిస్తే 457, 380 సెక్షన్లు వేసేవారు. ఇప్పుడు 331(4), 305 వేస్తున్నారు. మామూలు దొంగతనం 379 నుంచి 303(2)కి వెళ్లింది. స్నాచింగ్‌కు అంతకు ముందు విడిగా సెక్షనే లేదు, ఇప్పుడు 304 ఉంది. పాత కొత్త సెక్షన్లను జతచేసే పట్టిక లేకుండా ఐదేళ్ల గ్రాఫు గీస్తే 2024 మధ్యలో పాత నేరాలన్నీ మాయమైపోయి, కొత్త నేరాలు పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది.

నాలుగోది సరిహద్దులు. ఈస్ట్, వెస్ట్, అలిపిరి, ఎస్వీ యూనివర్సిటీ, ఎం.ఆర్.పల్లి, తిరుచానూరు స్టేషన్ల పరిధులకూ కార్పొరేషన్ డివిజన్ల గీతలకూ పొంతన ఉండదు. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పర్సు పోతే అది రైల్వే పోలీసుల కేసు. అదే మనిషికి స్టేషన్ బయట, గోవిందరాజస్వామి గుడి దారిలో పోతే అది నగర పోలీసులది. రెండూ ఒకే ముఠా పని అయినా రెండు ఫైళ్లలో ఉంటాయి. విశ్లేషకుడికి రైల్వే పోలీసుల కేసుల వివరాలు కూడా వారం వారం అందే ఏర్పాటు లేకపోతే ఆ చుట్టుపక్కల మ్యాపు సగమే కనిపిస్తుంది.

ఆఖరుగా భాగించే సంఖ్య. లక్ష జనాభాకు ఇన్ని నేరాలు అని చెప్పడం అలవాటు. తిరుపతిలో ఆ లెక్క కొన్ని నేరాలకే సరిపోతుంది. బస్టాండ్ చుట్టూ ఫోన్ల దొంగతనాలను అక్కడ కాపురముండే జనంతో భాగిస్తే ఆ ప్రాంతం ఘోరంగా కనిపిస్తుంది. రోజూ అక్కడ తిరిగే జనంతో భాగించి చూస్తే ఆ లెక్క అంతలా భయపెట్టదు. ఇంటి దొంగతనాలను ఇళ్ల సంఖ్యతో, బైక్ దొంగతనాలను అక్కడ నిలిపే బండ్లతో, భక్తుల మీద నేరాలను ఆ నెల వచ్చిన భక్తులతో పోల్చాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగమ్మ జాతర వారాలను మామూలు వారాలతో పోల్చడం అస్సలు కుదరదు. గత ఏడాది అదే పండగ వారంతో పోల్చాలి. బ్రహ్మోత్సవాల తేదీలు ఏటా మారతాయి కాబట్టి తెలుగు క్యాలెండర్ పక్కన పెట్టుకునే ఈ పని చేయాలి.

నాలుగో అడుగు: ఎస్పీ ఆఫీసుతో ముందే మాట్లాడండి

కౌన్సిల్‌లో పెట్టాక పోలీసులను అడగడం సరైన వరస కాదు. ముందు ఎస్పీ గారిని కలిసి, డేటా ఇవ్వడానికీ ఇద్దరు సిబ్బందిని కేటాయించడానికీ ఒప్పుకుంటూ ఒక లేఖ తీసుకోండి. ప్రతి సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి కూడా మొదలుపెట్టొచ్చు గానీ, కార్పొరేటర్లో సంఘం పెద్దలో ముగ్గురు నలుగురు కలిసి విడిగా టైమ్ అడిగి వెళ్తే మేలు. వెళ్లేటప్పుడు "మీ స్టేషన్లలో రికార్డు బాగాలేదు" అనే ధోరణి పనికిరాదు. బందోబస్తు డ్యూటీలతో ఇక్కడి సిబ్బందికి ఊపిరి ఆడదు. వీఐపీ రాకపోకలు ఏ రోజూ ఆగవు. "మీ నైట్ బీట్లు ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితమో చెప్పే మనిషిని, కంప్యూటర్‌ను మేం ఏర్పాటు చేస్తాం" అంటే వినే వీలుంటుంది.

ఐదో అడుగు: డబ్బు ఎక్కడి నుంచి

ఏ డబ్బుతో ఏది కొనొచ్చో తెలియకపోతే మంజూరైన నిధి కూడా మురిగిపోతుంది.

కార్పొరేషన్ సాధారణ నిధులు అన్నిటికంటే సులువు, కౌన్సిల్ చేతిలో ఉన్నవి. చోట్ల పేర్ల జాబితా, కంప్యూటర్లు, యూనివర్సిటీతో ఒప్పందం, శిక్షణ ఖర్చు వీటికి సరిపోతాయి. ఆర్థిక సంఘం గ్రాంట్ల మీద ఆశ పెట్టుకోకండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మన లాంటి నగరాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడింది. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడే వీల్లేదు. స్మార్ట్ సిటీ మిషన్‌లో తిరుపతి 2016లో ఎంపికైంది గానీ ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. కొత్త డబ్బు రాకపోయినా దాని కింద ఏర్పాటైన కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను వాడుకోవచ్చు, కొత్త గది కట్టనక్కర్లేదు. నిర్భయ నిధి కింద ఇచ్చిన సేఫ్ సిటీ ప్రాజెక్టు ఎనిమిది మహానగరాలకే. మన పక్కన చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఆ జాబితాలో ఉన్నాయి, తిరుపతి లేదు.

పోలీసు ఆధునికీకరణ పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెడతాయి. అది డీజీపీ ఆఫీసు ద్వారా నడిచే దారి, కౌన్సిల్ చేయగలిగింది మద్దతు తీర్మానం పంపడమే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి గానీ అవి శాశ్వత ఆస్తుల కోసం, మనిషి జీతానికి పనికిరావు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు తెచ్చుకోవచ్చు. అలాంటప్పుడు ఇచ్చే కంపెనీకి డేటాలో ఏ వాటా ఉండదని రాతపూర్వకంగా రాయించుకోవాలి. పరికరం ఉచితంగా ఇస్తామని, సమాచారం తమ సర్వర్‌లో పెడతామని ఎవరైనా అంటే వద్దనండి.

ఆరో అడుగు: ప్రతిపాదన రాయడం

మూడు నాలుగు పేజీలు దాటొద్దు. సమస్య ఏమిటి, ఇప్పుడున్న రికార్డులో లోపం ఏమిటి, ఏడాదిలో ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, ఎంత అవుతుంది, ఫలితం ఎలా కొలుస్తాం అన్న వరసలో రాయండి.

ఖర్చులో సగానికి పైన మనిషి మీద, శిక్షణ మీద చూపించండి. స్టాటిస్టిక్స్‌లో గానీ జాగ్రఫీలో గానీ పీజీ చేసిన ఒక విశ్లేషకుడు, కంప్యూటర్ మీద చేయి తిరిగిన ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటే నగరానికి సరిపోతుంది. విశ్లేషకుణ్ణి యూనివర్సిటీ ప్రాజెక్టు ద్వారా తీసుకుంటే కార్పొరేషన్ నేరుగా పోలీసు శాఖలో ఉద్యోగం ఇచ్చినట్టు కాదు, ఆడిట్‌లో ప్రశ్న రాదు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉన్నాయి, ఐఐటీ దగ్గర్లోని ఏర్పేడులో ఉంది. ఇంత చదువు చుట్టూ ఉన్న నగరం బయటి కన్సల్టెన్సీకి లక్షలు పోయడం నాకు బాధగా అనిపిస్తుంది. పోలీసు సిబ్బంది శిక్షణకు హైదరాబాద్‌లో కేంద్ర డిటెక్టివ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మ్యాపుల కోసం క్యూజీఐఎస్ వాడండి, అది పూర్తిగా ఉచితం, మన అవసరానికి మించి చేస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ పద్దు దగ్గర సున్నా వేసినా తప్పులేదు.

ఏడో అడుగు: కౌన్సిల్ దాటించడం

వరస ఇది. కార్పొరేటర్ లేఖతో గానీ కమిషనర్ ఆఫీసు నోట్‌తో గానీ ఫైలు మొదలవుతుంది. అకౌంట్స్ విభాగం నిధుల లభ్యత రాస్తుంది, స్టాండింగ్ కమిటీ చూస్తుంది, ఆ తర్వాత కౌన్సిల్ అజెండాలోకి వస్తుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ తయారీ సమయానికే ఒక పద్దు పెట్టించుకుంటే ఏడాది మధ్యలో దేవులాడే పని ఉండదు. పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారి ఉంటారు, అప్పుడు ఆయనకే పెట్టుకోవాలి. దయచేసి దీన్ని టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు తేకండి. పోలీసు, డేటా, డబ్బు మూడూ ఉన్న విషయం. సభ్యులు చదువుకుని రావాలి.

సభలో వచ్చే ప్రశ్నలు దాదాపు తెలిసినవే. "మన పన్ను డబ్బు పోలీసులకెందుకు?" అని ఒకరు అడుగుతారు. డబ్బు పోలీసు శాఖ ఖాతాకు పోదని, కార్పొరేషన్ వీధి దీపాల పనికి ఇదే సమాచారం వాడుకుంటుందని చెప్పండి. "నా డివిజన్‌కు ఏమొస్తుంది?" అని ఇంకొకరు అడుగుతారు. ప్రతి డివిజన్‌కూ మూడు నెలలకోసారి ఒక పేజీ నివేదిక వస్తుందని చెప్పండి. "అదేదో కెమెరాలే పెట్టొచ్చుగా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకుని 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. ముందు వాటిలో ఏవి పనిచేస్తున్నాయో లెక్క తీయిస్తే కొత్తవి ఎక్కడ కావాలో అప్పుడు తెలుస్తుందని జవాబివ్వండి.

తీర్మానం పాఠం ఇలా ఉండొచ్చు:

"నగరపాలక సంస్థ పరిధిలో తాళం వేసిన ఇళ్లలో దొంగతనాల నివారణకై, జిల్లా పోలీసు శాఖతో కుదుర్చుకొను అవగాహన ఒప్పందమునకు లోబడి, ఒక సంవత్సర కాలమునకు నేర విశ్లేషణ కార్యక్రమమునకు సాధారణ నిధుల నుండి మంజూరు మొత్తమునకు మించకుండా ఖర్చు చేయుటకు పరిపాలనా అనుమతి ఇవ్వడమైనది. ఈ మొత్తమును పోలీసు సిబ్బంది జీతభత్యములకు, వాహనములకు, ముఖ గుర్తింపు పరికరములకు వినియోగించరాదు. ప్రతి మూడు నెలలకు నివేదికను కౌన్సిల్ ముందుంచవలెను."

రెండో వాక్యం ఎవరైనా తీసేయమంటే ఒప్పుకోకండి.

ఎనిమిదో అడుగు: ఒప్పందంలో గీతలు గీయడం

ఇది చోట్లనూ వేళలనూ విశ్లేషించే కార్యక్రమం. మనుషుల జాబితాలు తయారు చేయడం దీని పని కాదు. ఆ మాట ఒప్పందంలో మొదటి వాక్యంగా ఉండాలి. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసింది. ఎరుకలవాళ్లు ఆ ముద్ర మోశారు. 1952లో చట్టం రద్దయినా, దొంగతనం జరిగిన మర్నాడు ఎవరి గుడిసె తలుపు ముందు తడతారో మనకు తెలియంది కాదు. పాత అరెస్టుల మీద లెక్కలు కట్టే కంప్యూటర్ ఆ పాత అన్యాయాన్నే కొత్త మ్యాపుగా గీసి చూపిస్తుంది. లాస్ ఏంజెలెస్ పోలీసులు ప్రెడ్‌పోల్ అనే ముందస్తు అంచనా సాఫ్ట్‌వేర్‌ను 2020లో ఆపేశారు. అదే ఏడాది శాంటాక్రజ్ నగర కౌన్సిల్ ఆ తరహా వాడకాన్ని నిషేధించింది. కాబట్టి విశ్లేషణకు అరెస్టుల డేటా వద్దు, ఫిర్యాదుల డేటా చాలు. కులం, మతం కాలమ్‌లు విశ్లేషకుడికి వచ్చే ఫైలులో అసలు ఉండకూడదు.

బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు స్టేషన్‌లోనే ఆగిపోవాలి. లైంగిక నేరాల బాధితుల వివరాలు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా అదే చెబుతుంది. ఈ రెండు రకాల కేసులనూ మొదటి నుంచే పక్కన పెట్టండి. జనానికి చూపించే మ్యాపులో ఇంటి మీద చుక్క పెట్టకూడదు, వీధి స్థాయిలోనే చూపించాలి. దొంగతనం జరిగిన ఇంటిని ఊరందరికీ చూపిస్తే ఆ కుటుంబానికి రెండోసారి నష్టం చేసినట్టే.

తొమ్మిదో అడుగు: వారం వారం పని

సోమవారం గత వారం ఎఫ్‌ఐఆర్‌లు, అత్యవసర నంబరు 112కు వచ్చిన కాల్స్ వివరాలు వస్తాయి. మంగళవారం చోట్ల పేర్లు, రెండు సమయాలు సరిచూస్తారు, లోటుంటే స్టేషన్ రైటర్‌కు ఫోన్ చేసి అడుగుతారు. బుధవారం ఒక్క పేజీ కాగితం బయటికి రావాలి: ఏ మూడు వీధులు, ఏ వేళలు, తాళం తీసిన తీరులో పోలిక ఏమైనా ఉందా. ఒక వీధిలో ఇల్లు పగిలితే తర్వాతి రెండు వారాల్లో ఆ చుట్టుపక్కల మళ్లీ జరిగే అవకాశం ఎక్కువని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. అందుకే ఆలస్యం పనికిరాదు. గురువారం ఆ కాగితం పట్టుకుని సీఐలు బీట్లు సర్దుతారు, కార్పొరేషన్ ఇంజినీర్లు ఆ మూడు వీధుల్లో వెలగని లైట్లు, ముళ్లకంపలు పెరిగిన ఖాళీ స్థలాలు చూస్తారు. వార్డు మహిళా పోలీసులు ఆ వీధుల్లోనే ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి చెబుతారు.

మూడు వీధులే ఎందుకంటే, నేరం ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదు. 1989లో మినియాపొలిస్ నగరం మీద వచ్చిన అధ్యయనంలో పోలీసులకు వచ్చిన కాల్స్‌లో సగం కేవలం 3 శాతం చోట్ల నుంచి వచ్చినవే. మన ఊళ్లో ఆ శాతం ఎంతో మన లెక్కలే చెప్పాలి.

పదో అడుగు: ఫలితం కొలవడం, లెక్క అప్పజెప్పడం

నేరాల సంఖ్య తగ్గిందా లేదా అని మాత్రమే అడిగితే ప్రాజెక్టు చెడిపోతుంది. సంఖ్య తగ్గించడానికి అన్నిటికంటే తేలిక మార్గం కేసు కట్టకపోవడం. 2013 నాటి లలితా కుమారి తీర్పు ప్రకారం కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, అని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. అయినా ఒత్తిడి పెట్టేది మనమే అయితే తప్పు మనదీ అవుతుంది. మొదటి ఆరు నెలల్లో కేసుల సంఖ్య పెరగొచ్చు. జనం ధైర్యంగా వచ్చి చెబుతున్నారనడానికి అది గుర్తు కావచ్చు. ఆ మాట కౌన్సిల్‌కు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పత్రికలో "నేరాలు పెరిగాయి" అని వచ్చిన మర్నాడు నిధి ఆగిపోతుంది.

కొలవాల్సినవి ఇవి: రెండు సమయాలూ నమోదైన ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని, చోటు సరిగ్గా ఉన్నవి ఎన్ని, బుధవారం కాగితం ఎన్ని వారాలు వచ్చింది, అందులో చెప్పిన చోట లైటు ఎన్ని రోజుల్లో వెలిగింది, ఎంచుకున్న వీధుల్లో మళ్లీ దొంగతనం జరిగిందా, జరగకపోతే పక్క వీధికి పాకిందా. 112కు వచ్చిన కాల్స్‌నూ కట్టిన ఎఫ్‌ఐఆర్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే కేసులు కట్టకుండా పంపేస్తున్నారా అన్నది కూడా బయటపడుతుంది.

డబ్బుకు విడి బ్యాంకు ఖాతా, విడి క్యాష్‌బుక్ ఉంచండి. ఖర్చు మంజూరైన పద్దు దాటితే కౌన్సిల్ అనుమతి లేకుండా అటూ ఇటూ మార్చొద్దు. ఏడాది ఆఖరున వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ, కమిషనర్ సంతకంతో ఫైలు చేయించాలి. యూసీ ఇవ్వకుండా రెండో ఏడాది డబ్బు అడగడం కుదరదు. దాంతోపాటు ఇంకో మూడు అప్పజెప్పాలి: చోట్ల పేర్ల జాబితా, పాత కొత్త సెక్షన్ల పట్టిక, వారం వారం పని చేసే పద్ధతి రాసిన కాగితం. వ్యక్తుల వివరాలేవీ లేని ఈ మూడింటికీ ఒక కాపీ ఎస్పీ ఆఫీసులో, ఒకటి కమాండ్ సెంటర్‌లో ఉండాలి. ఎస్పీ బదిలీ అవుతారు, కమిషనర్ బదిలీ అవుతారు, విశ్లేషకుడికి ఇంకో ఉద్యోగం రావచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మూడు కాగితాలు పట్టుకుని వచ్చే సోమవారం నుంచే పని మొదలుపెట్టగలగాలి.